నాడీకణం వాకిట్లో ముగ్గు

ఆదివారం పొద్దున మటన్ కొట్టులో మెదడు అడిగి చూడండి. తలకాయను కత్తితో రెండుగా చీల్చి, లోపలున్నదాన్ని వేళ్లతో మెల్లగా తోడి, చెదరకుండా కవర్లో వేసిస్తాడు. ఇంటికి తెచ్చాక దాన్ని శుభ్రం చేయడం అందరికీ చేతకాదు. పైనున్న సన్నటి నెత్తుటి పొరను గోటితో తీయాలి. కొంచెం ఒత్తితే చాలు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పసుపూ ఉప్పూ వేసిన వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచితేగానీ ముక్క కోతకు నిలవదు. పనయ్యాక చేతులు ఎన్నిసార్లు కడిగినా జిడ్డు ఓ పట్టాన వదలదు. తొడ మాంసానికీ కాలేయానికీ లేని ఈ వెన్నతనం మెదడుకెక్కడిది?

కొవ్వు వల్ల వచ్చింది. మెదడులోని నీరంతా తీసేస్తే మిగిలే ఎండు పదార్థంలో సగానికి పైగా కొవ్వే. ఇది పొట్ట చుట్టూ చేరే కొవ్వు కాదు, ఉపవాసానికి కరిగేదీ కాదు. నాడీకణాల గోడలు కట్టిన కొవ్వు. ఆ గోడ కొవ్వుల్లో ఒక జాతికి తల దగ్గర చక్కెర అతుక్కుని ఉంటుంది. శాస్త్రవేత్తలు వాటిని గ్లైకోస్ఫింగోలిపిడ్లు అంటారు. గ్లైకో అంటే చక్కెర, లిపిడ్ అంటే కొవ్వు. మధ్యలో ఉన్న 'స్ఫింగో' సంగతి చెప్పాలంటే లండన్ దాకా వెళ్లి రావాలి.

జొహాన్ లుడ్విగ్ విల్‌హెల్మ్ తుడికుమ్ 1829లో జర్మనీలో పుట్టాడు. వైద్యం చదివి లండన్‌లో స్థిరపడ్డాడు. కబేళాల నుంచి ఎద్దుల మెదళ్లు తెప్పించుకుని, ఆల్కహాల్‌లోనూ ఈథర్‌లోనూ కరిగించి, ఒక్కో పదార్థాన్నీ విడదీస్తూ ఏళ్లు గడిపాడు. మెదడంతా ఒకే పెద్ద రసాయనమని నమ్మే రోజులవి. పేరున్న రసాయన శాస్త్రవేత్తలు ఆయన్ని ఎగతాళి చేశారు. అయినా పని ఆపలేదు. 1884లో మెదడు రసాయన నిర్మాణం మీద వెలువరించిన గ్రంథంలో కొత్త పదార్థాలను వరసపెట్టి చెప్పాడు. వాటిలో ఒకటి ఎంతకీ అంతుపట్టలేదు. కొవ్వులా ప్రవర్తిస్తుంది, మళ్లీ క్షారంలానూ ప్రవర్తిస్తుంది. దానికి గ్రీకు పురాణాల స్ఫింక్స్ పేరు తగిలించి 'స్ఫింగోసిన్' అన్నాడు. స్ఫింక్స్ అంటే ఆడముఖం, సింహం ఒళ్లు ఉన్న జీవి. దారిన పోయేవాళ్లను పొడుపుకథ అడిగి, విప్పలేనివాళ్లను మింగేస్తుంది. తుడికుమ్ మన దగ్గర పుట్టి ఉంటే బేతాళుడి పేరు పెట్టేవాడేమో! ఈయనే 1895లో వంటకళ మీద ఓ పెద్ద పుస్తకం కూడా రాశాడు. మెదడు జిడ్డును అంత దగ్గరగా చూసిన మనిషికి వంటగది కొత్తేం కాదు. 1901లో చనిపోయాడు. ఆయన చెప్పింది నిజమని లోకం పూర్తిగా ఒప్పుకున్నది ఆ తర్వాతే.

వాకిలి ముందు చుక్కలు

కణం చుట్టూ ఉండే పొర రెండు వరసల కొవ్వు. బయటి వరసలో, మామూలు కొవ్వుల మధ్య, ఈ చక్కెర కొవ్వులు నాటుకుని ఉంటాయి. స్ఫింగోసిన్‌కు ఒక కొవ్వు ఆమ్లం కలిస్తే సెరమైడ్ అవుతుంది. దాని రెండు తోకలు పొరలో దిగబడి పట్టు ఇస్తాయి. చక్కెరలు మాత్రం పొర బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మొదట గ్లూకోజ్, దానికి గాలక్టోజ్, ఆపైన మరో రెండు మూడు. పక్కన కొమ్మలాగా సియాలిక్ ఆమ్లం అనే ఆమ్లపు చక్కెర కూడా ఉంటే ఆ జాతిని గ్యాంగ్లియోసైడ్లు అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ స్వెన్నర్‌హోమ్ వీటికి పొట్టి పేర్లు పెట్టాడు. ఒక సియాలిక్ ఆమ్లం ఉంటే జీఎం, రెండుంటే జీడీ, మూడుంటే జీటీ. పక్కన ఓ అంకె. ఇప్పటికీ ప్రపంచమంతా వాడేది ఆ పేర్లే.

నాకైతే వీటిని తలచుకుంటే వాకిట్లో ముగ్గు గుర్తొస్తుంది. ఇల్లు లోపల ఎలా ఉందో వీధిలో వాళ్లకు తెలియదు. గడప ముందు బియ్యప్పిండితో పెట్టిన చుక్కలే కనిపిస్తాయి. ఏ చుక్క పక్కన ఏ చుక్క ఉందో చూసి ఇది ఎవరి ముగ్గో ఊళ్లో అమ్మలక్కలు చెప్పేస్తారు. శరీరంలో దాదాపు ప్రతి కణానికీ ఏదో ఒక చక్కెర ముగ్గు ఉంటుంది. అయితే నాడీకణం వాకిలంత నిండుగా మరే వాకిలీ ఉండదు. ఎదిగిన మెదడులో జీఎం1, జీడీ1ఎ, జీడీ1బి, జీటీ1బి అనే నాలుగు రకాలే గ్యాంగ్లియోసైడ్లలో అత్యధిక భాగం. కడుపులో ఉన్న శిశువు మెదడులో మొదట చిన్న ముగ్గులే కనిపిస్తాయి. నరాలు ఎదిగి, కొమ్మలు వేసి, ఒకదాన్నొకటి అందుకునే కాలానికి ఈ పెద్ద ముగ్గులు పడతాయి.

వీటి పనేమిటి? ఒకటి, గుర్తుపట్టించడం. నరం పొడవాటి తీగ, అంటే యాక్సాన్, చుట్టూ మైలిన్ అనే తొడుగు ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాగో దీనికి ఇది అలాగ. ఆ తొడుగు కూడా మరో రకం చక్కెర కొవ్వుతో నిండి ఉంటుంది. తొడుగు మీదున్న ఒక ప్రోటీన్ చెయ్యి చాచి యాక్సాన్ మీది జీడీ1ఎ, జీటీ1బిలను పట్టుకుంటుంది. పెద్ద గ్యాంగ్లియోసైడ్లు తయారు కాకుండా జన్యువు మార్చిన ఎలుకలను జపాన్ శాస్త్రవేత్తలు 1996లో పరిశీలించారు. పుట్టినప్పుడు అవి చూడటానికి మామూలుగానే ఉన్నాయి. వయసు పెరిగే కొద్దీ వాటి యాక్సాన్లు క్షీణిస్తాయని, నడక తడబడుతుందని తర్వాత తేలింది. ముగ్గు లేకపోతే ఇల్లు ఆ రోజే కూలదు. కొన్నాళ్లకు పలకరించేవాళ్లు లేక పాడుబడుతుంది.

రెండో పనిని హైదరాబాద్‌లోనే చూశారు. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలో అమితాభ చట్టోపాధ్యాయ బృందం ఏళ్ల తరబడి కణపొరల మీదే పని చేసింది. మన దిగులు, ఆందోళనలతో ముడిపడిన సెరటోనిన్ 1ఎ గ్రాహకం వాళ్లు ఎంచుకున్న ప్రోటీన్. కణాల్లో గ్లైకోస్ఫింగోలిపిడ్ల తయారీని మందుతో ఆపి చూశారు. ఆ గ్రాహకం తనకు రావలసిన అణువును పట్టుకునే శక్తి తగ్గిపోయింది. 2012లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ప్రోటీన్ ఒక్కటీ బాగుంటే చాలదు. చుట్టూ ఉన్న కొవ్వు కూడా సరిగ్గా ఉండాలి. మనసు గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ కొవ్వును తలవరు. తలవాల్సిన కాలం వచ్చింది.

శత్రువుకూ అదే గుర్తు

ముగ్గు చుట్టాలకే కనిపిస్తుందని ఏమీ లేదు. దొంగకూ కనిపిస్తుంది.

ధనుర్వాతం అనే పేరులోనే జబ్బంతా ఉంది. ఒళ్లు విల్లులా వంగిపోతుంది, దవడలు బిగుసుకుపోతాయి. తుప్పు మేకు గుచ్చుకున్నది కాలికి, పట్టు చిక్కినది వెన్నుపాముకు. విషం అంత దూరం దారి ఎలా కనుక్కుంది? 1898లో బెర్లిన్‌లో వాసర్‌మన్, తకాకి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మెదడు ముద్దను ధనుర్వాత విషంతో కలిపి చూశారు. విషం పని చేయడం మానేసింది. మెదడులోని ఏదో పదార్థం దాన్ని పట్టేసుకుంటోందన్నమాట. ఆ పదార్థం గ్యాంగ్లియోసైడ్ అని తేలడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వాన్ హైనింగెన్ 1959లో ఆ ముడి విప్పాడు. నరం చివర జీటీ1బి, జీడీ1బి ముగ్గులు చూసి విషం అక్కడ దిగుతుంది. నరంలోకి చొరబడి, యాక్సాన్ వెంటే వెనక్కి పాకుతూ వెన్నుపాము చేరుతుంది.

మురికి కొడవలితో బొడ్డు కోసిన రోజుల్లో ఎంతమంది పసివాళ్లు ఇలా పోయారో మన అమ్మమ్మలకు తెలుసు. వారం తిరక్కుండానే పాలు తాగడం మానేసేవాళ్లు. గర్భిణులకు టీటీ సూదులు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక పరిస్థితి మారింది. బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి తెచ్చిన మొదటి భారతీయ రాష్ట్రం 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. దేశమంతా ఆ స్థాయికి చేరింది 2015లో. సూది చేసే పని తేలికగానే చెప్పొచ్చు. విషం ముగ్గు దాకా రాకముందే దారిలో పట్టుకునే కాపలావాళ్లను తయారు చేస్తుంది.

కలరా విషమూ ఇంతే. అది ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేలు పేగులతో రుజువు చేశాడు. అది పట్టుకునేది పేగు కణాల మీది జీఎం1ను అని 1970లలో తేలింది. ఐదు వేళ్లతో ఐదు జీఎం1లను ఒకేసారి పట్టుకుంటుంది. నరానికి సంబంధం లేకపోయినా గుర్తు మాత్రం అదే.

కాపలావాడు పొరబడితే

2025 జనవరిలో పుణె వార్తలు గుర్తున్నాయి కదా. విరేచనాలు తగ్గిన కొన్నాళ్లకు కాళ్లు చచ్చుబడటం, ఆ బలహీనత పైకి పాకడం, కొందరికి ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టాల్సి రావడం. సింహగఢ్ రోడ్డు చుట్టుపక్కల మొదలై రెండు వందలు దాటిన కేసులు. ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల నుంచీ ఇలాంటి వార్తలే వచ్చాయి. జీబీఎస్, అంటే గియాన్-బారే సిండ్రోమ్, అనే మాట టీ కొట్టు దాకా వచ్చింది.

జబ్బు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, గియాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికుల్లో దీన్ని వర్ణించారు. కారణం మాత్రం చాలాకాలం తెలియలేదు. జపాన్ వైద్యుడు నొబుహిరో యుకి 1990లో ఒక సంగతి గమనించాడు. క్యాంపిలోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి వల్ల విరేచనాలై, తర్వాత పక్షవాతం వచ్చినవాళ్ల రక్తంలో జీఎం1 మీద యాంటీబాడీలు ఉన్నాయి. సొంత నరాల ముగ్గు మీద సొంత ఒంటి కాపలాదళం ఎందుకు దాడి చేస్తుంది? మూడేళ్లకు జవాబు దొరికింది. ఆ సూక్ష్మజీవి ఒంటి మీద ఉన్న చక్కెరల వరస అచ్చంగా జీఎం1 వరసే. ఉడికీ ఉడకని కోడిమాంసంలోంచో కలుషితమైన నీళ్లలోంచో లోపలికొచ్చిన దొంగ మనింటి ముగ్గును నుదుట వేసుకుని వచ్చాడు. కాపలావాడు ఆ ముగ్గును జ్ఞాపకం పెట్టుకున్నాడు. దొంగ పోయాక కూడా అదే ముగ్గు కనిపించిన ప్రతి వాకిలి మీదా కర్ర ఎత్తాడు.

ఏ ముగ్గు మీద దాడి జరిగితే ఆ రకం జబ్బు. జీఎం1, జీడీ1ఎ మీద అయితే కాళ్లూ చేతులూ కదిపే నరాలు దెబ్బతింటాయి. కంటిని తిప్పే నరాల మీద ఎక్కువగా ఉండే జీక్యూ1బి మీద అయితే చూపు రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. దానికి మిల్లర్ ఫిషర్ సిండ్రోమ్ అని వేరే పేరు. చుక్క ఒకటి మారితే రోగం మారిపోతుంది. వైద్యశాస్త్రంలో ఇంత స్పష్టంగా కనిపించే సంగతులు తక్కువ.

యాంటీబాడీలను కడిగేసే ప్లాస్మా మార్పిడి, లేదంటే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం దీనికి చికిత్స. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. చాలామంది వారాల్లోనో నెలల్లోనో లేచి నడుస్తారు. కొందరికి ఏళ్లు పడుతుంది, కొందరు దక్కరు. విరేచనాలైన వారం పది రోజులకు కాళ్లలో తిమ్మిర్లు, మెట్లెక్కలేకపోవడం మొదలై పైకి పాకుతుంటే మసాజులూ బలం టానిక్కులూ అంటూ రోజులు గడపొద్దు. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి.

ఇక్కడో హెచ్చరిక కూడా ఉంది. గ్యాంగ్లియోసైడ్లు నరాలకు మేలు చేస్తాయి కదా అని పశువుల మెదళ్ల నుంచి తీసిన ఇంజెక్షన్లు 1980లలో ఐరోపాలో బాగా అమ్ముడుపోయాయి. వేసుకున్నవాళ్లలో కొందరికి గియాన్-బారే వచ్చిందన్న నివేదికలు రావడంతో చాలా దేశాల్లో వాటిని ఆపేశారు. మెదడు వేపుడు తింటే తెలివి పెరుగుతుందనే మాటా ఇలాంటిదే. రుచికి తినండి. తిన్న చక్కెర కొవ్వు కడుపులోనే ముక్కలవుతుంది. మెదడు తన ముగ్గును తానే వేసుకుంటుంది.

నిన్నటి ముగ్గు చెరగకపోతే

ముగ్గు వేయడం ఒక్కటే పని కాదు. తెల్లారగానే నిన్నటిది ఊడ్చి, కళ్లాపి చల్లి, కొత్తది వేయాలి. నాడీకణమూ అంతే. పాతబడ్డ గ్యాంగ్లియోసైడ్లను లోపలికి లాక్కుని, లైసోజోమ్ అనే చిన్న సంచిలో వేసి విప్పుతుంది. విప్పడానికి ఒక వరస ఉంది. చివరి చక్కెర తీయందే దాని ముందుది రాదు. ఒక్కో చక్కెర తీయడానికి ఒక్కో ఎంజైమ్. జీఎం1 నుంచి చివరి గాలక్టోజ్ తీస్తే జీఎం2. దాని నుంచి మరొకటి తీస్తే జీఎం3. అలా ఒక్కో మెట్టే దిగుతూ సెరమైడ్ దాకా. మధ్యలో ఒక్క ఎంజైమ్ లేకపోతే పని అక్కడే ఆగుతుంది. వేసేవాళ్లు వేస్తూనే ఉంటారు, ఊడ్చేవాళ్లుండరు. ఇల్లు నిండిపోతుంది.

1881లో లండన్ కంటివైద్యుడు వారెన్ టే దగ్గరికి ఏడాది బిడ్డను తెచ్చారు. మెడ నిలవదు, కాళ్లూ చేతుల్లో బలం లేదు. కంటి లోపలికి చూస్తే రెటీనా మధ్యలో తెల్లటి వలయం, దాని నడుమ ఎర్రటి చుక్క. రెండు కళ్లలోనూ అచ్చం ఒకేలా. ఆ తర్వాత అదే ఇంట్లో పుట్టిన మరో ఇద్దరు పిల్లల కళ్లలోనూ టే అదే చూశాడు. 1887లో న్యూయార్క్ నరాల వైద్యుడు బెర్నార్డ్ సాక్స్ ఇలాంటి బిడ్డనే వర్ణించాడు. టే-సాక్స్ జబ్బు అని పేరు స్థిరపడింది.

ఆ చుక్కను వైద్యులు చెర్రీ ఎరుపు చుక్క అంటారు. చూస్తే తెల్లని పసినుదుటి మీద కుంకుమ బొట్టు పెట్టినట్టే ఉంటుంది. నిజానికి ఎరుపు జబ్బు కాదు. అందరి కంట్లోనూ ఉండే నెత్తుటి ఎరుపే అది. జబ్బు ఉన్నది చుట్టూ ఉన్న తెలుపులో. రెటీనాలోని గ్యాంగ్లియన్ కణాలు జీఎం2తో ఉబ్బి పాలిపోతాయి. నట్టనడుమ ఆ కణాల పొర ఉండదు కాబట్టి అక్కడ మాత్రం వెనకున్న ఎరుపు కనిపిస్తుంది. మెదడును కోసి చూడకుండా, అందులో చెరగని ముగ్గు ఎంత పేరుకుందో కంటి కిటికీలోంచి చూడగలగడం ఇది.

జర్మనీలోని కొలోన్ నగరంలో ఎర్నెస్ట్ క్లెంక్ ఈ జబ్బుతో పోయిన పిల్లల మెదళ్లలో పేరుకున్న పదార్థాన్ని వేరు చేశాడు. మామూలు మెదడులో గ్యాంగ్లియన్ కణాలున్న చోట కూడా అలాంటివే కొద్దిగా ఉన్నాయని చూసి, 1942లో గ్యాంగ్లియోసైడ్లు అని పేరు పెట్టాడు. ఈ అణువుల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం అలాంటి బిడ్డల వల్ల తెలిసింది. మాట రాకముందే పోయిన బిడ్డలు చెప్పిన పాఠం ఇది. ఆ సంగతి నేను మరిచిపోలేను. 1969లో షింటారో ఒకాడా, జాన్ ఓబ్రయన్ లోపించిన ఎంజైమ్ హెక్సొసామినిడేజ్-ఎ అని తేల్చారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ నాడీకణాల నిండా ఉల్లిపాయ పొరల్లాంటి గుండ్రటి ముద్దలు.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుంది? బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య ఓ చిన్న తేడా. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడుతుంది. పిల్లలందరూ ఉలిక్కిపడతారు. అయితే రెండో విజిల్‌కూ, పదో విజిల్‌కూ అదే ఉలికిపాటు. తలుపు గడియ పడితే చేతులు చాచి వణుకుతుంది. పెద్దవాళ్లు బాలగ్రహం అంటారు, దిష్టి అంటారు, మెడలో తాయెత్తు కడతారు. తర్వాత అమ్మ ముఖం చూసి నవ్వడం తగ్గుతుంది. బోర్లా పడిన బిడ్డ బోర్లా పడదు. కూర్చున్న బిడ్డ కూర్చోదు. వచ్చిన విద్యలు ఒక్కొక్కటీ వెనక్కి పోతాయి. ఆలస్యంగా నడిచే పిల్లలు ఎంతోమంది ఉంటారు, భయపడక్కర్లేదు. వచ్చింది పోవడం మాత్రం వేరే సంగతి. సాధారణంగా ఐదేళ్లు దాటడం కష్టం. నయం చేసే మందు ఈ రోజుకీ లేదు. జన్యు చికిత్సను ఇద్దరు పిల్లల్లో ప్రయత్నించిన వివరాలు 2022లో వెలువడ్డాయి. అది ఆశకు మొదటి మెట్టు మాత్రమే.

ముందే తెలిస్తే

తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ యూదుల్లో దాదాపు ప్రతి 30 మందిలో ఒకరు ఈ జన్యులోపాన్ని మోస్తారు. మోసేవాళ్లకు ఏ జబ్బూ ఉండదు. అలాంటి ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. 1971లో మైఖేల్ కబాక్ అనే వైద్యుడు బాల్టిమోర్, వాషింగ్టన్ యూదు సమాజాల్లో రక్త పరీక్షలు మొదలుపెట్టాడు. ప్రార్థనా మందిరాల్లోనే శిబిరాలు, మత పెద్దల మాట సాయం. న్యూయార్క్‌లో నలుగురు బిడ్డలను ఈ జబ్బుకే పోగొట్టుకున్న యూదు మతగురువు, రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టైన్ 1983లో మరో పద్ధతి తెచ్చాడు. పెళ్లికి ఎదిగే పిల్లలకు పరీక్ష చేసి అంకె ఇస్తారు, ఫలితం ఎవరికీ చెప్పరు. సంబంధం కుదుర్చుకునే ముందు రెండు అంకెలూ చెబితే కలిసేదీ కలవనిదీ చెబుతారు. ఎవరి పరువూ పోదు. ఆ సమాజంలో టే-సాక్స్ పుట్టుకలు తొంభై శాతానికి పైగా తగ్గాయి. మందు లేని జబ్బును మాటతోనూ రక్తపు బొట్టుతోనూ గెలిచారు.

జాతకాలు కలిపి చూసే మనకు ఇది అర్థం కాని పద్ధతేం కాదు. మనకు మరీ ముఖ్యం కూడా. మేనమామ-మేనకోడలు పెళ్లిలో ఇద్దరి జన్యువుల్లో నాలుగో వంతు ఒకటే. మేనబావ-మరదలు పెళ్లిలో ఎనిమిదో వంతు. తాతలనాడు ఒకే మనిషిలో ఉన్న లోపం రెండు దారుల్లో వచ్చి ఒకే బిడ్డలో కలిసే వీలు అక్కడ పెరుగుతుంది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలా జరుగుతుందని కాదు, చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. తప్పు ఎవరిదీ కాదు, ముఖ్యంగా కోడలిది కాదు. లోపం రెండు వైపుల నుంచీ వస్తేనే జబ్బు. ఈ ఒక్క మాట ప్రతి ఇంట్లోనూ తెలిస్తే ఎందరో తల్లులకు నింద తప్పుతుంది.

చెరగని ముగ్గుల జబ్బులు టే-సాక్స్ ఒక్కటే కాదు. మైలిన్ తొడుగు చక్కెర కొవ్వు విప్పలేకపోతే క్రాబే జబ్బు. చిట్టచివరి గ్లూకోజ్ తీయలేకపోతే గాషే జబ్బు. గాషేలో మొదట కనిపించేది ఎడమ డొక్క కింద గట్టిపడ్డ ప్లీహం. ఊళ్లలో 'బల్ల పెరిగింది' అంటారు. మలేరియా అనుకుని ఏళ్లు గడిచిపోతాయి. గాషేకు మందుంది. అమెరికాలో రాస్కో బ్రేడీ 1965లో లోపించిన ఎంజైమ్‌ను గుర్తించాడు. మొదట కాన్పు తర్వాత పారేసే మాయల నుంచి ఆ ఎంజైమ్‌ను తీశారు. ఒక్క రోగికి వేల మాయలు కావాల్సి వచ్చేవి. 1991లో మందుగా అనుమతి వచ్చింది. 1994 నుంచి జన్యు సాంకేతికతతో తయారు చేస్తున్నారు. ప్లీహం తగ్గుతుంది, రక్తం పెరుగుతుంది, బిడ్డ బడికి వెళ్తుంది. మెదడులోకి మాత్రం ఆ మందు చేరదు, నరాలను పట్టే రకానికి అది చాలదు.

ఈ గాషే జన్యువు మరో తలుపు తెరిచింది. ఒక్క లోపమే మోస్తూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ముసలితనంలో పార్కిన్సన్స్ వచ్చే ప్రమాదం ఎక్కువని 2009లో పలు దేశాల పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం చూపింది. పసివాళ్ల అరుదైన జబ్బును వెతుకుతూ వెళితే తాతల వణుకు ఎదురైంది. అరుదైన జబ్బుల మీద డబ్బు ఎందుకని అడిగేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

డబ్బు మాట రానే వచ్చింది. గాషే మందు మోతాదు బరువును బట్టి, అదీ జీవితాంతం. కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చి, 2022లో ఒక్కో రోగికి సాయాన్ని యాభై లక్షల రూపాయల దాకా పెంచింది. పెద్ద మొత్తమే. అయితే బిడ్డ ఎదిగే కొద్దీ మోతాదు పెరుగుతుంది, ఆ మొత్తం కొన్నేళ్లకే కరిగిపోతుంది. అక్కడితో ఆగితే ముందు చేసిన వైద్యమంతా వృథా. జీవితాంతం కావాల్సిన మందుకు ఒక్కసారి సాయం చాలదు. ఆ పరిమితిని మార్చాలి.

ఈలోగా మనం చేయగలిగింది ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో బిడ్డకు వచ్చిన విద్య పోతున్నా, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతున్నా, కారణం తెలియకుండా బల్ల పెరుగుతున్నా పిల్లల డాక్టరును 'ఎంజైమ్ పరీక్ష చేయిద్దామా' అని అడగండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధనా సంస్థ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా పని చేస్తున్నాయి. మేనరికం అనుకుంటున్న ఇంట్లో ఇంతకుముందు ఇలాంటి బిడ్డ పోయి ఉంటే పెళ్లికి ముందే, కనీసం కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోండి. గర్భం మూడో నెలలోనే తెలుసుకునే పరీక్ష ఉంది. ఎంజైమ్ పరీక్షకు కావాల్సింది కొద్దిపాటి రక్తమే.